బావికి పిట్టగోడ



మా పెదనాన్న ప్రభువునందు నిద్రించి ఈ నెలకు ఏడాది అయింది. జ్ఞాపకార్థ కూడికలో చాలామంది లేచి ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. అందరికీ కృతజ్ఞులము. అయితే ఇంచుమించు ప్రతి ఒక్కరి నోటా ఒక మాట వచ్చింది. "పాపం, కళ్లు కనబడకపోయినా" అన్నారు. ప్రేమతో అన్న మాటే. కాని ఆ "పాపం" అన్న మాట మన ఇళ్లలో పెద్దవాళ్ల మీద ఎంత పని చేస్తోందో గృహదర్శనాలకు వెళ్లినప్పుడల్లా చూస్తున్నాము. అందుకే ఈసారి వాక్యధ్యానం ఆయన బ్రతుకు మీదుగా రాస్తున్నాము. పొగడడానికి కాదు. పొగిడితే ఆయనకు గిట్టేది కాదు.

ఉద్దానం అంటే ఇప్పుడు బయటివారికి కిడ్నీ జబ్బే గుర్తుకు వస్తుంది. అది నిజమే, ఆ బాధ మన సంఘంలో ఎన్ని ఇళ్లను తాకిందో మీకు తెలుసు. కాని పెదనాన్నను అడిగితే ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస అనేవాడు. ఆయనకు రెండెకరాల ముప్పై సెంట్ల ఇసుకనేల. కొబ్బరిచెట్ల మధ్య జీడి, గట్టు వెంబడి పనస, పనస నీడలో కంద, అరటి. ఆ తోట ఆయనకు ఆస్తి అనడం కన్నా ఆయన మాట్లాడే భాష అనడం నయం. ఎవరైనా "బాగున్నావా మామా" అంటే "జీడిపూత బాగుంది" అని జవాబు చెప్పేవాడు. తన ఆరోగ్యం గురించి అడిగారని ఆయనకు తోచేది కాదు.

ఆయన కళ్లు ఎలా పోయాయో ముందు చెప్పాలి. ఎందుకంటే అందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది.

మన ప్రాంతపు విశ్వాసులకు సోంపేట మిషన్ ఆసుపత్రి కథ తెలుసు. కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ గారు అక్కడ కంటి ఆపరేషన్లు చేస్తూ ఉండేవారు. ఆ పని గురించి తెలుసుకొన్న కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ గారు 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టారు. మన సోంపేటలో విత్తిన గింజ తరువాత ఎన్నో దేశాలలో కాపుకొచ్చింది. మా నాయనమ్మకు కూడా ఆ ఆసుపత్రిలోనే శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజున ఆమె మొట్టమొదట తన చేతిగాజుల రంగు చూసుకొని నవ్విందని ఇంట్లో చెప్పుకొనేవారు.

ఆ మంచి జ్ఞాపకమే మా ఇంట్లో ఒక నమ్మకమై కూర్చుంది. ముసలితనంలో చూపు మసకబారితే అది పొరే అని, పొర ముదిరాక వెళ్లి తీయించుకొంటే సరిపోతుందని. పెదనాన్నకు అరవై దాటాక చూపు తగ్గింది. ఆయన కూడా "ముదరనీరా, అమ్మకు తీసినట్టే తీసేస్తారు" అనేవాడు. కాని ఆయనది పొర కాదు, నీటికాసులు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు మోసే నరం మెల్లగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మొదట పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్నది చాలాకాలం బాగానే కనబడుతుంది. చెట్టుపైన గెలలో ఎన్ని కాయలున్నాయో చెప్పగలిగే మనిషి, పక్కనే ఉన్న మోడుకు కాలు తన్నుకొని పడుతుంటే మేమంతా పరధ్యానం అనుకొన్నాము. ఆయన కూడా అదే అనుకొన్నాడు. 2009లో విశాఖపట్నం తీసుకొని వెళ్తే, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్న కొద్ది చూపును చుక్కలమందుతో కొంతకాలం నిలబెట్టవచ్చని చెప్పారు. శుక్లం అయితే ఎప్పుడు తీసినా ఇంచుమించు చూపు వస్తుంది. నీటికాసులు అలా ఆగి ఎదురుచూసే జబ్బు కాదు. మూడు నాలుగేళ్లలో వెలుగు చీకటి తేడా తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక్కడి నుండి మేము అసలు చెప్పదలచుకొన్నది మొదలవుతుంది.

చూపు పూర్తిగా పోయిన ఏడాది ఆయన కొడుకులు, అంటే మా అన్నయ్యలు, ఆయనను తోటకు వెళ్లనివ్వలేదు. కోపంతో కాదు, ప్రేమతోనే. వాకిట్లో నులకమంచం వేశారు. పక్కన మంచినీళ్ల చెంబు, చేతికర్ర, ఆడియో బైబిలు వినడానికి ఒక చిన్న ఫోను. వేళకు అన్నం. ఊరంతా "కొడుకులంటే వాళ్లురా" అన్నారు. రెండు నెలల్లో ఆ మనిషి సగమయ్యాడు. అన్నం తినేవాడు కాదు. పగలు నిద్రపోయి రాత్రి లేచి కూర్చొనేవాడు. మేము ప్రార్థనకు వెళ్తే "అయ్యగారూ" అని మమ్మల్నే మన్నించి పిలిచాడొకసారి, తమ్ముడి కొడుకునని మరచిపోయి. మతి తప్పుతోందని పెద్దమ్మ ఏడ్చింది. మతి తప్పలేదు. చేయడానికి పని లేని మనిషికి రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అంతే.

ఒక సాయంత్రం ఆయనే అడిగాడు. "ఏటిరా, కళ్లు పోతే కాళ్లూ చేతులూ తలకాయీ కూడా పోయాయనుకున్నారేటి?"

పెద్దన్నయ్య జవాబు కూడా న్యాయమైనదే. తోటలో నేలబావి ఉంది. పడితే ఎవరు జవాబు చెప్పాలి? ఊరు ఏమంటుంది? ఈ ప్రశ్న మీలో చాలామంది ఇళ్లలో వేరే మాటల్లో ఉంది. అమ్మను పొయ్యి దగ్గరకు రానివ్వం, కాలుతుంది. నాన్నను రోడ్డు దాటనివ్వం, బండి గుద్దుతుంది. భయం అబద్ధం కాదు. కాని ఆ భయానికి వాక్యం ఇచ్చిన జవాబు మనం ఇచ్చే జవాబు కాదని మాకు అనిపిస్తుంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఒకసారి తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడ నుండి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని ఆజ్ఞ. ఆ కాలంలో మేడ మీదనే పడుకొనేవారు, ధాన్యం, జనుపకట్టెలు ఆరవేసేవారు, ప్రార్థన చేసుకొనేవారు. పడే ప్రమాదం దేవునికి తెలుసు. అయినా మేడ ఎక్కవద్దని ఆయన చెప్పలేదు. గోడ కట్టమన్నాడు. ప్రమాదం ఉన్నచోట మనిషిని కట్టిపడేయడం సులువు, ఖర్చు లేదు. గోడ కట్టాలంటే ఇటుకలు, సిమెంటు, రెండు రోజుల పని కావాలి. మన ప్రేమ చాలాసార్లు ఖర్చులేని దారినే పోతుంది.

ఆ వచనం చదివాక అన్నయ్యలు బావి చుట్టూ నడుము ఎత్తు గోడ కట్టించారు. పెరటి గుంజ నుండి తోటలో మొదటి పనసచెట్టు దాకా, అక్కడ నుండి చెట్టుకు చెట్టుకు కొబ్బరితాడు కట్టారు. ఎక్కడ ముడి వేయాలో పెదనాన్నే చెప్పాడు. ఒక ముడి అంటే దారి తిరుగుతుంది, రెండు ముడులంటే బావి దగ్గరపడింది. ఆ తాడు పట్టుకొని ఆయన మరో పదకొండేళ్లు తోటకు వెళ్లాడు.

పడలేదని చెప్పము. రెండుసార్లు పడ్డాడు. రెండోసారి మణికట్టు విరిగి నెలన్నర కట్టుతో ఉన్నాడు. ఊళ్లో కొందరు మా అన్నయ్యలను మాట అన్నారు. కాని ఆ నెలన్నర కూడా ఆయన అన్నం మానలేదు, ఎప్పుడు కట్టు విప్పుతారా అని రోజులు లెక్కపెట్టాడు. మంచం మీద భద్రంగా ఉన్న రెండు నెలలకూ ఈ నెలన్నరకూ తేడా చూసినవారికి వాదన అక్కర్లేదు.

కళ్లు లేని మనిషి తోటలో ఏం చేస్తాడని అడిగేవారు. చాలా చేసేవాడు. రాలిన జీడిపిక్కలు ఏరడానికి కాలివేళ్లే ఆయన కళ్లు. ఎండు కాయ ఊపి, లోపల నీటి చప్పుడు విని, ఇది విత్తనానికి, ఇది అమ్మకానికి అని వేరు చేసేవాడు. అన్నిటికన్నా మేము మరచిపోలేనిది ఒకటి ఉంది. కొబ్బరికి ఎర్రముక్కు పురుగు పడుతుంది. దాని పిల్లపురుగులు మానులోపల తొలుస్తూ ఉంటాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. మొవ్వు వాలిపోయి కంటికి తెలిసేసరికి చాలావరకు చెట్టు చేయి దాటిపోతుంది. పెదనాన్న ప్రతి మానుకూ చెవి ఆనించి వినేవాడు. లోపల కొరుకుతున్న చప్పుడు ఆయనకు తెలిసేది. "ఈ సెట్టులో ఉంది, మందెయ్యండి" అనేవాడు. కళ్లున్న మేము చుట్టూ తిరిగి "ఏమీ లేదు కదా" అనేవాళ్లం. మందు వేయడానికి తొలిచినప్పుడు పురుగులు బయటపడేవి. కళ్లు పోకముందు ఆయన ఎప్పుడూ మానుకు చెవి పెట్టి ఎరగడు. ఆ విద్య కళ్లు పోయాక నేర్చుకొన్నదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన మీద పడింది. ఆ రాత్రి సంగతి మీకు మేము చెప్పనక్కర్లేదు. తెల్లారాక అన్నయ్యలు తోట చూసి వచ్చి ఆయనకు ఏం చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డారు. ఆయనకు అప్పుడు 78 ఏళ్లు. తాడు ఎక్కడిదక్కడ తెగిపోయింది. ఆయన చిన్నన్నయ్య భుజం పట్టుకొని తోటలోకి వెళ్లి, పడిపోయిన ఒక్కొక్క మానును మొదటి నుండి మొవ్వు దాకా చేత్తో తడిమి చూశాడు. నలభై మూడు కొబ్బరిచెట్లు. ప్రతి దాని వయసూ చెప్పాడు. తన తండ్రి వేసినవి పదిహేడు. ఆ రోజు ఏడ్చాడు. మరునాడు ఎవరి దగ్గర మొలకలు మిగిలాయో కనుక్కోమన్నాడు. కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని ఆయనకు మనకన్నా బాగా తెలుసు. అయినా గుంతలు తీయించి, మొక్క నిటారుగా ఉందో లేదో అరచేతితో చూసి, మట్టి తానే నొక్కాడు.

ఇప్పుడు కొంచెం కఠినమైన మాట రాయాలి. ఎవరి మనసునూ నొప్పించాలని కాదు.

తుఫాను తరువాత ఏడాదికి, బాగా దగ్గరివాడే, పేరు అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం అన్నయ్యలు లేనప్పుడు కాగితాలతో వచ్చాడు. "పింఛను కాగితం మామా, ఒక వేలిముద్ర వేస్తే చాలు" అన్నాడు. పెదనాన్న వేలు చాపలేదు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలిని పిలిచి "ఒలే గుంటా, ఇది సదువు" అన్నాడు. ఆ పిల్ల మొదటి పేజీ చదువుతూ సర్వే నెంబరు, నాలుగు వైపుల హద్దులు చదివింది. పెదనాన్న ఓపికగా విని ఇలా అన్నాడు. "పింఛనుకి నా తోట హద్దులెందుకురా నాయినా? అయినా తూరుపు హద్దు తప్పు రాశారు. అక్కడ గెడ్డ లేదు, గట్టుంది." అది తోటలో సగం భాగానికి అమ్మకపు ఒప్పందం. వచ్చినవాడు నీళ్లు నమిలాడు. పెదనాన్న కేకలు వేయలేదు. పెద్దమ్మతో అతనికి అన్నం పెట్టించి పంపాడు. అన్నం పెట్టడం ఆయన మంచితనం. ఆ పని మాత్రం పాపమే. దానికి వేరే పేరు పెట్టలేము.

ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో శాపాల వరుస ఉంది. 17వ వచనం పొరుగువాని సరిహద్దు రాయిని తీసివేసేవాని గురించి. దాని వెంటనే 18వ వచనం గ్రుడ్డివానిని త్రోవ తప్పించేవాని గురించి. ఈ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయని సెమినరీలో చదువుకొనే రోజుల్లో మాకు తోచలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. ఊళ్లో పరిచర్య చేస్తే తెలుస్తుంది. గట్టు రాయి రాత్రిపూట జరిపినా, చూపులేని మనిషి వేలు పట్టి కాగితం మీద పెట్టినా, రెండూ ఎదుటివాడు చూడలేడన్న ధైర్యంతో చేసేవే. ప్రజలందరూ ఆ రెంటికీ ఆమేన్ అనాలని మోషే చెప్పాడు. మన ఊళ్లలో మొదటిదానికి పంచాయితీ పెడతాము. రెండోదానికి "ఇంటి విషయం" అంటాము.

ఇంటి విషయమే, నిజం. ఇస్సాకు కథ కూడా ఇంటి విషయమే. కళ్లు మందగించిన తండ్రిని మోసం చేసింది బయటివాళ్లు కాదు, భార్యా కొడుకూ. ఆదికాండము 27లో మనం ఎప్పుడూ యాకోబు గురించి, ఏశావు గురించి ప్రసంగిస్తాము గాని ఆ ముసలాయన గురించి తక్కువ. ఆయన తడిమి చూశాడు, గొంతు గుర్తుపట్టాడు, అనుమానించాడు. చివరకు కొడుకు బట్టలలో పొలం వాసన వచ్చింది గనుక నమ్మాడు. పొలాన్ని ప్రేమించిన ముసలివాని ప్రేమను పట్టుకొనే ఆయనను మోసగించారు. ఇంకో సంగతి గమనించండి. ఆయన రేపో మాపో చనిపోతాడన్న తొందరలో ఇదంతా జరిగింది. కాని యాకోబు ఇరవై ఏళ్లు లాబాను దగ్గర ఉండి తిరిగి వచ్చేసరికి కూడా ఇస్సాకు బ్రతికే ఉన్నాడు. చూపు పోయింది గనుక పని అయిపోయిందని అందరూ అనుకొన్న తరువాత అంత కాలం! ఆ ఇరవై ఏళ్లు ఆ గుడారంలో ఆయనను ఎవరు పలకరించారో బైబిలు చెప్పదు.

అదే యాకోబుకు ముసలితనంలో చూపు పోయింది. 48వ అధ్యాయంలో యోసేపు తన ఇద్దరు కొడుకులను ఆశీర్వాదం కోసం తెస్తాడు. తండ్రికి కనబడదు గనుక పెద్దవాడు కుడిచేతి కింద, చిన్నవాడు ఎడమచేతి కింద వచ్చేలా తానే నిలబెడతాడు. ముసలాయన చేతులు అడ్డంగా మార్చి పెట్టాడు. యోసేపు బాధపడి, నాన్నకు కనబడక పొరపాటు చేస్తున్నాడనుకొని, ఆ చేయి పట్టి తీయబోయాడు. యాకోబు ఒప్పుకోలేదు. తనకు తెలుసునని చెప్పాడు, ఒకసారి కాదు రెండుసార్లు. యోసేపు చెడ్డకొడుకు కాదు. ఐగుప్తు దేశమంతటినీ కరవులో పోషించినవాడు, తండ్రిని కంటికి రెప్పలా చూసుకొన్నవాడు. అంత మంచి కొడుకు కూడా తండ్రి చేయి పట్టి పక్కకు జరిపాడు. దొంగకాగితాలు తెచ్చేవాడు మన ఇళ్లలో అరుదు. చేయి జరిపే యోసేపులు మాత్రం ఇంటికొకరు ఉన్నారు. ధర ఎంతకు ఒప్పుకోవాలో, మనవరాలిని ఏ ఇంటికి ఇవ్వాలో, ఇవన్నీ గుసగుసగా మాట్లాడుకొని ఆయనకు చివర్లో చెబుతాము. పాపం, ఆయనకేం కనబడుతుంది అని.

పెదనాన్నకు ఉన్న ఒక పట్టుదల ఇక్కడ చెప్పాలి. జీడిపిక్కలు కొనేవాడు వస్తే 80 కిలోల బస్తా ధర ఆయన ఎదుటే మాట్లాడాలి. కొడుకులు మాట్లాడినా సరే, తాను అక్కడ కూర్చోవాలి. ఆఖరి ఏడాది దాకా ఆ మాట నిలబెట్టుకొన్నాడు. పలాస వ్యాపారులు ఆయనను ఏమార్చడం కష్టమనేవారు, త్రాసు చప్పుడుతోనే కనిపెట్టేవాడట. ఇందులో కొంచెం అతిశయం ఉండవచ్చు. మా వాళ్లకు కథలంటే ఇష్టం.

సంఘంగా కూడా ఒక మాట. ఒకసారి పక్క మండలంలో జరిగిన కూటాలకు ఆయనను తీసుకొనివెళ్లారు. ప్రసంగీకుడు వేదిక మీదకు పిలిచి, కళ్ల మీద చేతులుంచి ప్రార్థించి, మైకులో "కనబడుతోందా?" అని అడిగాడు. పెదనాన్న "లేదయ్యా" అన్నాడు. మళ్లీ ప్రార్థన, మళ్లీ "లేదయ్యా." అప్పుడాయన ఈ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని జనం ముందు ప్రకటించాడు. పెద్దమ్మ నెల రోజులు తలెత్తుకోలేదు. పెదనాన్న మాత్రం "పాపం ఆయనే మొగమాటపడిపోయాడ్రా" అన్నాడు. దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతాము, ప్రకటిస్తాము. మన మధ్య సాక్ష్యాలున్నాయి. కాని యోహాను 9వ అధ్యాయంలో, ఇతడు గ్రుడ్డివాడై పుట్టడానికి ఎవరు పాపం చేశారని అడిగిన శిష్యులకు ప్రభువు ఇచ్చిన జవాబు తెలిసి కూడా అదే ప్రశ్నను మైకులో అడగడం ఏ సేవకునికీ తగదు.

వేదిక మీద ఆ మాట విన్న తరువాతి ఆదివారం ఆయన మామూలుగానే ముందు వరుసలో చాప మీద కూర్చొన్నాడు. ఆ నెలలో మన ప్రథమఫలముల పండుగ వచ్చింది. మోయలేనంత పనసకాయ తానే ఎత్తుకొని, తాడు లేని చోట మనవరాలి గొంతును బట్టి నడుస్తూ బల్ల దాకా తెచ్చి పెట్టాడు. ఎవరో సాయం చేయబోతే పెద్దమ్మ వారి చేయి పట్టుకొని ఆపింది. వేలంలో దానికి ఎంత వచ్చిందో గుర్తు లేదు గాని పాడినవారు దాన్ని కోసి సంఘమంతటికీ పంచారు.

మిగిలినది చుక్కలమందు సంగతి. నీటికాసులు ఇంటి రక్తంలో నడుస్తాయి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే మిగతావారికి వచ్చే అవకాశం ఎక్కువ. నలభై దాటిన వారు, కనబడుతున్నా సరే, కంటిలోపలి ఒత్తిడి చూపించుకోవాలి. కళ్లజోడు కోసం అక్షరాలు చదివించే పరీక్ష ఒక్కటే సరిపోదు. ఒత్తిడీ, నరమూ చూడమని నోరు తెరిచి అడగండి. చూపు ఇప్పటికే బాగా తగ్గిన పెద్దలకు సదరం శిబిరంలో ధ్రువపత్రం తీయించండి, పింఛనుకు అది కావాలి. నూనె రాసి ప్రార్థించమని వచ్చే వారందరికీ మేము ప్రార్థిస్తాము, తరువాత ఆసుపత్రి చీటీ ఎక్కడుందని అడుగుతాము. దయచేసి దీన్ని అవిశ్వాసం అనుకోవద్దు.

పెదనాన్న పోయాక మా ఇంటి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కలిసి పదకొండుమందిమి ఒకే రోజు వెళ్లి పరీక్ష చేయించుకొన్నాము. ఇద్దరికి ఉందన్నారు. ఒకరు పెద్దన్నయ్య. చూపు ఇంకా పోలేదు. రాత్రి తొమ్మిదికి ఆయన ఫోను మోగుతుంది, తోటలో ఉంటే అక్కడే బావి గోడ మీద కూర్చొని, తల వెనక్కి వాల్చి, కంటికొక చుక్క వేసుకొంటాడు. తిత్లీ తరువాత వేసిన చెట్లలో పందొమ్మిది ఈ వేసవికి గెల వేశాయి.